బీచ్ ఒడ్డున ఫ్లాటు కొనాలా, అద్దెకు దిగాలా?

ప్రశ్న: మాది కడప. ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. నా వయసు 62, మావారికి 64. పెన్షన్ నెలకు 48 వేలు, చేతిలో 62 లక్షలు ఉన్నాయి. కడపలో సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. విశాఖలో భీమిలి రోడ్డున సముద్రం కనిపించే ఫ్లాటు 54 లక్షలకు వస్తోందని మావారు పట్టుబడుతున్నారు. చలికాలం మేముండి, మిగతా నెలలు పర్యాటకులకు ఇస్తే నెలకు 40 వేలు వస్తుందని బ్రోకరు చెబుతున్నారు. టోకెన్ అడ్వాన్సు ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వవద్దు టీచర్ గారూ. మీవారి కోరికలో తప్పేమీ లేదు. కడప ఎండల్లో ఇన్నేళ్లు గడిపిన మనిషికి సముద్రం మీద మనసు పోవడం సహజం. కొంటే ఏమవుతుందో మాత్రం ముందు చూడండి.

ఫ్లాటు 54 లక్షలు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే మరో 4,05,000. మంచాలు, ఏసీలు, వంటగది అల్మరాలకు నాలుగు లక్షలు వేసుకోండి. మీ 62 లక్షలూ అక్కడికే సరి. ఆ తర్వాత ఆసుపత్రి ఖర్చు వస్తే ఆ ఫ్లాటునే అమ్ముకోవాలి. అవసరానికి అమ్మేవాళ్లకు మంచి ధర పలకదు.

బ్రోకరు చెప్పిన 40 వేలలో ఒక మెలిక ఉంది. పర్యాటకులు బాగా వచ్చేది డిసెంబరు, జనవరిలో. మీరు అక్కడ ఉండాలనుకుంటున్నదీ అప్పుడే. ఇక మిగిలేవి ఉక్కపోత నెలలు, వానలు, తుపాన్లు. విశాఖను హుద్‌హుద్ తాకింది 2014 అక్టోబరు 12న. పైగా రోజువారీ అద్దెలను చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు ఒప్పుకోవు. మామూలు కుటుంబానికి ఇస్తే, మన నగరాల్లో ఇంటి అద్దె సాధారణంగా ధరలో ఏటా 2 నుంచి 3 శాతం. మూడు శాతమే అనుకున్నా నెలకు 13,500. అది కూడా ఏడాది పొడవునా ఇస్తేనే, అంటే చలికాలంలో మీకు చోటుండదు!

ఉప్పు గాలి సంగతి బ్రోకర్లు చెప్పరు. కిటికీ గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్, కుళాయిలు లోపలి ఊళ్లలో కంటే త్వరగా తుప్పు పడతాయి. ఎనిమిది నెలలు తాళం వేసి ఉంచితే మరీను. మెయింటెనెన్స్ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

ఇప్పుడు రెండో దారి. పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఖాతాలు మీ పేరిట ఒకటి, మీవారి పేరిట ఒకటి తెరవండి. ఒక్కొక్కరికి 30 లక్షల దాకా అనుమతి ఉంది, మీరు చెరో 25 లక్షలు వేస్తే చాలు. ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం. డబ్బు వేసిన రోజున ఉన్న రేటే ఐదేళ్లూ కొనసాగుతుంది. ఇద్దరికీ కలిపి మూడు నెలలకొకసారి 1,02,500, ఏడాదికి 4,10,000 చేతికొస్తుంది. మిగిలిన 12 లక్షలు బ్యాంకు డిపాజిట్లలో ఉంచండి, అది ఆసుపత్రుల కోసం.

మీవారి ఖాతాలో వేసేది మీ డబ్బే కాబట్టి ఆ వడ్డీని మీ ఆదాయంలోనే చూపాలి. కంగారు పడకండి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది, అంటే పన్ను కట్టక్కర్లేదు. పెన్షన్, ఈ వడ్డీలు అన్నీ కలిపినా మీరు ఆ గీత దాటరు.

ఈ వడ్డీలోంచి ఏటా లక్షన్నర సముద్రానికి కేటాయించండి. సంక్రాంతి వెళ్లాక రెండు మూడు నెలలు విశాఖలో సామాన్లున్న ఇల్లు అద్దెకు తీసుకోండి. రైలు ఖర్చులతో సహా ఆ డబ్బు సరిపోవాలి. నచ్చకపోతే మరుసటి ఏడాది బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ వైపు వెళ్లొచ్చు. మధ్యలో గాలి మారాలనిపిస్తే బద్వేలు మీదుగా నెల్లూరు చేరి మైపాడు బీచ్ చూసి రావచ్చు, దానికి ఫ్లాటు ఎందుకు?

రేపు ధర పెరిగితే నష్టపోతాం కదా అని మీవారు అడుగుతారు. పెరగవచ్చు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఇప్పటికే పెంచే అమ్ముతున్నారు. అయితే పెరిగేది నేల విలువ, పాతబడేది కట్టడం. అంతస్తుల భవనంలో మీ వాటాకు వచ్చే నేల ఎన్ని గజాలో బ్రోకరును అడగండి.

రెండు చలికాలాలు అక్కడ గడిపాక కూడా కొనాలనే ఉంటే, 25 లక్షలు దాటని చిన్న ఫ్లాటు చూడండి. అప్పటికి సీనియర్ సిటిజన్స్ స్కీమ్ డబ్బును గడువుకు ముందే తీస్తే ఒకటి, ఒకటిన్నర శాతం కోత పడుతుంది, అంతే. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఈసీ, పాత యజమానుల లింకు పత్రాలు సరిగా ఉన్నాయా, భవనంలో నివసించవచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా, తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలకు లోబడే కట్టారా అన్నవి విశాఖలో మీకు తెలిసిన న్యాయవాదికి చూపించండి. బ్రోకరు తెచ్చిన న్యాయవాదికి కాదు.