శ్రోతాభిమానులా, శ్రోత్రభిమానులా?

సందేహం: మా స్థానిక ఎఫ్‌ఎంలో ఒకప్పుడు 'శ్రోతాభిమానులకు నమస్కారం' అనేవారు. అది తప్పు, 'శ్రోతృ' ఉండాలి అంటాడు నా మిత్రుడు. ఇప్పుడా గొడవే లేదు, 'హాయ్ లిజనర్స్' అంటున్నారు. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడు వ్యాకరణం బాగానే చదివాడు. పితృ, ఆర్జితం కలిసి పిత్రార్జితం అయినట్టు ఇదీ శ్రోత్రభిమానులు కావాలి. మైకు ముందు ఒకసారి అని చూడమనండి! శ్రోత్రం అంటే చెవి కదా, వీళ్లెవరో చెవుల మీద మమకారం ఉన్నవాళ్లనుకుంటారు జనం. వక్తృత్వం, నేతృత్వం దగ్గర ఋకారాన్ని వదలం కాబట్టి శ్రోతృబృందం అని రాస్తే నాకు సంతోషమే. శ్రోతాభిమానిని మాత్రం వాడుక ఆమోదించేసింది, నేను కొట్టేయలేను, అలాగని నా కలంతో రాయను కూడా.

నన్నడిగితే సంధి కంటే ధాతువు రుచి ఎక్కువ. 'శ్రు' అంటే వినడం. శ్రుతి, శ్రవణం అందరికీ తెలిసినవే. ఎంతో విన్నవాడు బహుశ్రుతుడు, నలుగురి నోటా వినబడినవాడు విశ్రుతుడు. ఈ కుటుంబంలో నాకు ముద్దొచ్చే పిల్ల శుశ్రూష. రోగికి చేసే సేవ అనుకుంటాం గానీ, తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస అయినట్టు, వినాలనే కోరిక శుశ్రూష. గురువు నోట నాలుగు ముక్కలు వినాలని వచ్చిన శిష్యుడు ఆయన్ని కనిపెట్టుకుని ఉండి పనులూ చేసిపెట్టేవాడు గనక సేవ అనే అర్థం పైకి తేలింది, అసలు అర్థం అడుక్కి పోయింది.

ఆ అసలు అర్థంలో రేడియోకి శుశ్రూష చేసినవాళ్లున్నారు. కొత్తగూడెం, నిజామాబాద్ లాంటి ఊళ్లలో ఆకాశవాణి ఎఫ్‌ఎం కేంద్రాలకు కార్డు ముక్క మీద పాట అడిగి, పాట కంటే ముందు తమ పేరు వినబడుతుందేమోనని సెట్టుకి చెవి ఆనించి కూర్చున్నవాళ్లు. తర్వాత ఫోన్లొచ్చాయి, కార్డులు తగ్గాయి. 2006లో హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎంలు దిగాక రోజంతా సినిమా పాటలే. సొంతంగా వార్తలు చెప్పే అనుమతి వాటికి లేదు, నాటికలు, ప్రసంగాల జోలికి అవి పోలేదు, కాబట్టి మాటలన్నీ పాటకీ పాటకీ మధ్య సందులో ఇరికించాలి. ఆ హడావుడిలో పుట్టిందే 'మీరు వింటున్నారు ఫలానా ఎఫ్‌ఎం' అనే వంకర వాక్యం. 'వార్తలు చదువుతున్నది' అని ఆకాశవాణి ఏనాడో దారి చూపించింది కదా, 'మీరు వింటున్నది' అంటే ఆర్జే గారి ఎనర్జీ ఏమన్నా తగ్గిపోతుందా?

ఇంతకీ మీ ప్రశ్న. ఉత్త 'శ్రోతలు' అంటే ఏ పేచీ లేదు. లిజనర్స్ తప్పని అనను, అవసరం లేదంటాను.

అన్నట్టు, మీ ఉత్తరంలో ఒకచోట 'స్రోతలు' అని పడింది. స్రోతస్సు అంటే ప్రవాహం. నాన్‌స్టాప్ పాటల స్టేషన్ల పేరుకైతే వాడుకోవచ్చు.