హిమోగ్లోబిన్ 9 వచ్చింది, బీట్‌రూట్ రసం తాగితే సరిపోతుందా?

ఇంట్లోవాళ్ళు బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం పెడుతున్నారు, డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు కడుపులో తిప్పుతున్నాయి, ఇక మానేయొచ్చా అని అడిగారు. నా మాట వింటే మానకండి. తిండి ముఖ్యమే, కానీ ఆడవాళ్ళకి 12 అయినా ఉండాల్సిన హిమోగ్లోబిన్ 9కి దిగిపోయాక తిండి ఒక్కదానితో పైకి రావడం కష్టం. నాకు 8.4 ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే తంతు, మిక్సీ నిండా బీట్‌రూట్.

ఆ ఎర్రటి వాటి సంగతి ముందు చూద్దాం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మలో ఇంకా తక్కువ. రంగు చూసి రక్తం పడుతుందని అనేసుకున్నాం, అంతే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్ళకి 19. అంతెందుకంటే అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుములో చాలా భాగం ఒంటికి పట్టకుండానే పోతుంది. చివరికి మనకి దక్కేది రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు.

పోయేది ఎంతో కూడా చూడండి. ఒక మిల్లీలీటరు రక్తం పోతే దాంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క, అంటే 40 మిల్లీగ్రాముల ఇనుము. ఇలా ప్రతి నెలా పోతుంటే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. నాకు మొదటి నుంచీ నెలసరి ఎక్కువే. అమ్మకీ అంతే, అక్కకీ అంతే కాబట్టి మా ఇంట్లో అది మామూలు విషయం. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా అని ఒక గైనకాలజిస్ట్ అడిగేదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్, అంటే గర్భాశయంలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ, బయటపడింది. మీరు కూడా ఏం తినాలి అన్నదానికంటే ముందు రక్తం ఎక్కడ పోతోంది అని అడగండి. మొలలు, కడుపులో పుండు, రోజూ వేసుకునే నొప్పి మాత్రలు, నులిపురుగుల్లో కొంకిపురుగులు, ఇవన్నీ కారణాలే. మగవాళ్ళకి గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి గానీ ఇనుము తగ్గితే పేగుల్లో ఎక్కడైనా రక్తం కారుతోందేమో తప్పకుండా చూపించుకోవాలి. మందుల షాపులో టానిక్ కొనుక్కుని ఊరుకునే వ్యవహారం కాదు.

నీరసం, మెట్లెక్కితే ఆయాసం అందరూ చెప్పేవే. నాకు వాటికంటే ముందు మొదలైంది బియ్యం బొక్కడం. ఎసరు పెట్టి బియ్యం కడగబోతూ ఓ గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. పాత బియ్యమైతే మరీనూ, ఆ వాసనకే నోరూరేది. "బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందంటారు, నీకా భయం కూడా లేదు" అని మా అత్తగారు నవ్వేవారు. కొందరు బలపాలు తింటారు, కొందరు మట్టి, కొందరు ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు పటపట నములుతూనే ఉంటారు. ఇనుము లోపం ఉన్నవాళ్ళలో తరచుగా కనిపించే లక్షణం ఇది, డాక్టర్లు దీన్ని పైకా అంటారు. మాత్రలు మొదలెట్టాక హిమోగ్లోబిన్ ఇంకా 12కి చేరకముందే నాకు బియ్యం మీద ఆ యావ పోయింది.

ఇక మాత్రలు పడకపోవడం. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, అది ఐరన్ వల్లే. తిప్పడం, మలబద్ధకం ఎక్కువగా ఉంటే వేరే రకం ఐరన్ గానీ, రోజు విడిచి రోజు గానీ ఇవ్వమని డాక్టర్‌ని అడగండి. నాకు రోజు విడిచి రోజు బాగా సరిపడింది. దీనికి కారణం కూడా ఉంది: ఒక మాత్ర పడగానే లివర్ నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, దాదాపు ఒక రోజు పాటు పేగులు ఇనుమును పీల్చుకోవడం తగ్గుతుంది. మాత్ర వేసుకునేటప్పుడు నిమ్మరసం మంచిది. పాలు, కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్ర దాంతో కలపకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు, చాలామంది వదిలేసేది సరిగ్గా అక్కడే. పిల్లలున్న ఇల్లయితే ఆ సీసా అందనంత ఎత్తులో పెట్టండి, పొరపాటున నాలుగైదు మింగితే చిన్నపిల్లలకి ప్రాణం మీదికొస్తుంది.

తిండిలో నేను మార్చుకున్నవి పెద్దగా లేవు. టిఫిన్ తినగానే టీ తాగే అలవాటు మానడం అన్నిటికంటే కష్టమైంది, కానీ టీలోని పదార్థాలు తిండిలోని ఇనుమును సగానికి పైగా పట్టకుండా చేస్తాయి కాబట్టి ఓ గంట ఆగుతాను. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండుతాను, భోజనం తర్వాత జామకాయ. పులుసుకూరలు ఇనుప మూకుడులోనే. పులుపు తగిలితే మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. కూర కాస్త నల్లబడుతుంది, మా పిల్లలు ముఖం మాడుస్తారు. ఉడకగానే వేరే గిన్నెలోకి తీసేయాలి, లేకపోతే కనరు వాసన. మాంసం తినేవాళ్ళయితే వారానికోసారి కార్జం వేపుడు ఈ కూరలన్నిటికంటే బాగా పడుతుంది. గర్భిణులు మాత్రం అందులో విటమిన్ ఏ ఎక్కువ కాబట్టి డాక్టర్‌ని అడిగి తినాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందుకే 9 వచ్చినా "ఆడపిల్లలకి అంతేలే" అంటారు. మీరు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెబుతుంది. రక్త పరీక్షలో ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణాల సైజు, బాగా తక్కువగా ఉండి ఫెరిటిన్ సరిగ్గానే ఉంటే థాలసీమియా ట్రెయిట్, అంటే అమ్మానాన్నల నుంచి పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ తేడా, అయ్యే అవకాశం ఉంది. దానికి పరీక్ష వేరే ఉంటుంది, ఐరన్ లోపం లేనప్పుడు ఈ మాత్రలతో పని లేదు. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి ఒంట్లో లేదు, అది లివర్‌లో పేరుకుంటుంది.