వార్డరు రాజీనామా చేస్తే జైలా?

ప్రశ్న: మా తాతగారు బ్రిటిష్ కాలంలో జైలు వార్డరు. ఉద్యోగం చెప్పాపెట్టకుండా మానేస్తే జైల్లో వేసేవారని ఇంట్లో అంటుంటారు. నిజమేనా?

జవాబు: నిజమేనండి. 1894 జైళ్ల చట్టం, సెక్షన్ 54 చూడండి. అనుమతి లేకుండా, లేదా రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా డ్యూటీ వదిలేస్తే మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి 200 రూపాయల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, లేదంటే రెండూ కలిపి గానీ వేయొచ్చు. సెలవు అయిపోయాక కావాలని తిరిగి రాకపోయినా, అనుమతి లేకుండా బయట ఇంకో పని చేసుకున్నా, ఆఖరికి పిరికితనం చూపించినా అదే శిక్ష. పిరికితనం కూడా నేరమే, చూశారా!

సెక్షన్ 9 ఇంకా గట్టిది. ఖైదీకి ఏ వస్తువూ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఒక బీడీకట్ట అమ్మి నాలుగు డబ్బులు వెనకేసుకుందామన్నా తప్పే, మనవాడెవడో పేరు మీద అమ్మించినా తప్పే, ఎందుకంటే తన తరఫు మనిషి ద్వారా జరిగే లావాదేవీని కూడా ఆ సెక్షన్ వదల్లేదు. గేటు దగ్గర కాపలా ఉండేవాడు లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ఏదైనా సోదా చేయొచ్చు.

ఇంకో తమాషా, మంచి నడవడి ఉన్న ఖైదీలనే తోటి ఖైదీల మీద వార్డర్లుగా పెట్టేవారు. అండమాన్ సెల్యులార్ జైల్లో రాజకీయ ఖైదీలను సతాయించినవాళ్లలో ఇలాంటివాళ్లూ ఉన్నారు. సర్కారుకు జీతం ఖర్చు కలిసొచ్చేది మరి!