పొరుగు దేశంలో గొడవలైతే ఇంటర్నేషనల్ బిజినెస్ చదువు దండగేనా?

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాను. ఎంబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ చేయాలనుంది. బంగ్లాదేశ్ గొడవల్లో వ్యాపారం ఎలా ఆగిందో చూశాక, ఈ లైన్ వద్దని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి భయం ఉత్తిదేం కాదు. 2024 ఆగస్టు 5న అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి భారత్‌కు వచ్చేసినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ సరిహద్దులో లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కానీ కొద్ది రోజులకే కదిలాయి. అసలు దెబ్బ వీధుల్లో గొడవ సద్దుమణిగాక తగిలింది. 2025 ఏప్రిల్ 4న బ్యాంకాక్‌లో మోదీ, అప్పటి బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వ సారథి యూనస్ కలిశారు. నాలుగు రోజులకే, బంగ్లాదేశ్ సరుకు మన రేవులు, విమానాశ్రయాల మీదుగా వేరే దేశాలకు వెళ్లే సౌకర్యాన్ని భారత్ రద్దు చేసింది. అదే నెలలో ఢాకా మన నూలును భూమార్గంలో రానివ్వబోమంది. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులను కోల్‌కతా, ముంబై దగ్గరి నవా షేవా రేవులకే పరిమితం చేశాం. దౌత్యం ఎటు పోతోందో ఫొటోల్లో కన్నా కస్టమ్స్ సర్క్యులర్లలోనే ముందు తెలుస్తుందని నేనంటాను.

ఆ రోజుల్లో ఒక్క నూలు లారీని ఊహించుకోండి. నిన్నటిదాకా పెట్రాపోల్ గేటు దాటితే చాలు. ఇప్పుడు ఆ సరుకును కంటైనర్‌లోకి ఎక్కించి ఓడలో పంపాలి. పెట్రాపోల్ పేరుతో కస్టమ్స్‌లో వేసిన ఎగుమతి పత్రం పనికిరాదు. ఈలోగా ఎల్‌సీ (సరుకు డబ్బుకు కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే హామీపత్రం) గడువు దాటిపోతే బ్యాంకుల చుట్టూ తిరగాలి. అదనపు ఖర్చు ఎవరిదో కొనేవాళ్లతో తేల్చుకోవాలి. ఈ చిక్కులు విప్పగలిగేవాళ్లకు చేతినిండా పని దొరికేది సరిగ్గా ఇలాంటప్పుడే.

ప్రభుత్వ ఉద్యోగమైతేనే నాన్నగారికి ధీమా అనుకుంటే ఈసీజీసీ పేరు చెప్పండి. కొనే దేశంలో యుద్ధమో అల్లర్లో వచ్చి, లేదా దిగుమతుల మీద కొత్త ఆంక్షలు పడి డబ్బు రాకపోతే ఎగుమతిదారులకు బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది. ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. మన కుర్రాళ్లు బ్యాంకు పరీక్షలు రాసినంతగా దీన్ని ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

ఎంబీఏకైతే ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) మంచి ఎంపిక. వేరే కాలేజీ చూస్తే మాత్రం ఫీజు కట్టే ముందే సిలబస్ అడిగి తీసుకోండి. పేరులో ఇంటర్నేషనల్ ఉండి, ఎగుమతి పత్రాలు, బీమా, కస్టమ్స్ గురించి ఒక్క పేపరూ లేకపోతే వదిలేయండి.

ముందు ఒక పని చేయండి. దుస్తుల మీద ఆంక్ష పెడుతూ 2025 మే 17న డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) ఇచ్చిన నోటిఫికేషన్ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. చదివి, దానివల్ల ఎవరికి నష్టం, ఎవరికి లాభం అన్నది ఒక పేజీలో తెలుగులో రాసి నాన్నగారికి చూపించండి. రాస్తున్నప్పుడు విసుగొస్తే, ఆయన మాట వినడమే మేలు.