సిలిండరుకు అప్పు వద్దు, చెక్కే పరికరానికైతే సరే

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. స్వర్ణకారుణ్ణి. వెండి కంచాలు, గ్లాసుల మీద పేర్లు, నగిషీ చెక్కుతాను. పేరుకు 150 వస్తుంది. పెళ్లిళ్ల రోజుల్లో నెలకు ఆరుసార్లు అమలాపురం, రావులపాలెం షాపులకెళ్లి అక్కడే కూర్చుని చెక్కాలి. గాలితో నడిచే చెక్కుడు పరికరం 70,000 అంటున్నారు. కంప్రెసర్ మోయలేను కనుక నీళ్ల అడుగున డైవింగ్ చేసేవాళ్లు వాడే గాలి సిలిండరు, రెగ్యులేటరుతో కలిపి ఇంకో 35,000. వెల్డింగ్ షాపు మిత్రుడు ఆక్సిజన్ సిలిండరు ఊరికే ఇస్తానంటున్నాడు. చేతిలో 40,000 ఉంది. మిగతాది రెండు రూపాయల వడ్డీకి తేవాలా?

జవాబు: పరికరం కొనండి. డైవింగ్ సిలిండరు వద్దు. ఆ వడ్డీకి అప్పు అసలే వద్దు.

ముందు మీ మిత్రుడి సంగతి. ఆక్సిజన్‌తో ఏ గాలి పనిముట్టునూ నడపకూడదండీ. లోపల నూనె జిడ్డు కాస్త ఉన్నా భగ్గుమంటుంది. ఊరికే వచ్చినా వద్దనండి.

డైవింగ్ సిలిండరు కాగితం మీద బ్రహ్మాండంగానే ఉంటుంది. 11 లీటర్ల దాన్ని 200 బార్‌కు (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి. పరికరం నిమిషానికి పది లీటర్లు తాగుతుందనుకుంటే మూడున్నర గంటలు నడుస్తుంది. అయిపోయాక? 200 బార్ కొట్టే యంత్రం మీ ఊరి పంక్చర్ షాపులో ఉండదు. డైవింగ్ చేయించే వాళ్లను వెతుక్కుంటూ విశాఖ దాకా, అంటే రెండొందల కిలోమీటర్లు వెళ్లాలి. పైగా కొన్నేళ్లకోసారి దానికి హైడ్రో పరీక్ష, అంటే నీటి ఒత్తిడితో సిలిండరు గట్టితనం చూసే పరీక్ష ఖర్చు. బావి చూడకుండా బిందె కొన్నట్టుంది ఇది.

పంక్చర్ షాపులోనే నింపుకునే 20 లీటర్ల చిన్న ట్యాంకు ఉంటుంది. 8 బార్ నుంచి 2 బార్‌కు దిగేలోపు అది ఇచ్చేది 120 లీటర్లే, అదే లెక్కన పన్నెండు నిమిషాలు. కరెంటు పోయినప్పుడు సగంలో ఉన్న పేరు ముగించడానికి పనికొస్తుంది, రోజంతా కూర్చోవడానికి కాదు.

అసలు మిమ్మల్ని పిలిచే షాపులో కరెంటు ఉంది కదా! ఎక్కువసార్లు పిలిచే షాపులోనే చప్పుడు తక్కువ ఉన్న చిన్న కంప్రెసర్ ఒకటి పెట్టుకోనిమ్మని అడగండి. కొనేవాళ్ల కళ్లముందు పేరు చెక్కిస్తే లాభం షాపు వాళ్లకూ ఉంది, కాదనరనే నా నమ్మకం. కోనసీమ తేమకు ట్యాంకులో నీరు దిగుతుంది. నీళ్లు పట్టే ఫిల్టరు తప్పనిసరి, సాయంత్రం కాగానే ట్యాంకు అడుగు మర విప్పి నీరు వదిలేయాలి. కంప్రెసర్, ఫిల్టరు కలిపి 15,000 అనుకుందాం.

మొత్తం 85,000. మీ డబ్బులో 25,000 పెట్టండి, 15,000 కదపకండి. అప్పు 60,000. దానికి పీఎం విశ్వకర్మ పథకం చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైంది, అందులోని 18 వృత్తుల్లో స్వర్ణకారులూ ఉన్నారు. ప్రాథమిక శిక్షణ పూర్తయ్యాక తాకట్టు లేకుండా తొలి విడతగా లక్ష దాకా 5 శాతం వడ్డీకి ఇస్తారు, 18 నెలల్లో కట్టాలి. కుటుంబంలో ఒక్కరికే. పాత ముద్ర రుణం ఉంటే ముందు తీర్చేయాలి. టూల్‌కిట్‌కు 15,000 ఈ-వోచర్ కూడా ఉంది గానీ, మీరు కోరిన పరికరం దాంతో వస్తుందని లెక్కేసుకోకండి.

60,000కు కిస్తీ నెలకు సుమారు 3,470. మొత్తం వడ్డీ 2,400 దాటి ఎంతో ఉండదు. రెండు రూపాయల వడ్డీకైతే అదే 18 నెలల్లో వడ్డీకే 21,600 పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

3,470 రావాలంటే నెలకు 24 పేర్లు ఎక్కువ చెక్కాలి, వెళ్లిన ప్రతిసారీ నాలుగు. సీజన్లో కష్టం కాదు. కానీ ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా కిస్తీ ఆగదు. కదపొద్దన్న 15,000 అందుకే, నాలుగు కిస్తీలకు సరిపోతుంది.

డబ్బు కట్టే ముందు ఒక పాత వెండి పళ్లెం పట్టుకెళ్లి, అమ్మేవాళ్ల దగ్గరే అరగంట కూర్చుని చెక్కి చూడండి. వద్దంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.