బుజ్జీ, పాటలు వెతక్కు, రేడియో పెట్టుకో

ఏమే బుజ్జీ, మొన్న పెళ్లిలో భోజనాల దగ్గర నువ్వన్న మాట నాకు ఇంకా గుర్తుంది. కొత్త పాట విని ఎన్నేళ్లయిందో పెద్దమ్మా, కారెక్కితే ఇంజనీరింగ్ లో విన్నవే మళ్లీ మళ్లీ, ఆ యాప్ కూడా వాటినే తెచ్చి ముందు పెడుతోంది అన్నావు. అది మరి అంతే, అల్లుడు ఒకసారి గుత్తొంకాయ బావుందన్నాడని వచ్చినప్పుడల్లా అదే వండే అత్తగారి లాంటిది ఆ యాప్, నువ్వు తిన్నదే నీకు పెడుతుంది.

రిటైరయ్యాక నేను ఫోన్లో ఇంటర్నెట్ రేడియో పట్టుకున్నా, ఎందుకో చెప్తా విను. మా చిన్నప్పుడు రేడియో ఎవరైనా ఎంచుకుని విన్నామా చెప్పు, జనరంజనిలో ఎక్కడో ఎవరో కార్డు ముక్క రాసి అడిగిన పాట మనింట్లో మోగేది, నచ్చినా నచ్చకపోయినా వింటూ బియ్యం ఏరుకునేవాళ్లం. అలా చెవిన పడ్డవే ఇప్పటికీ నోట్లో ఆడుతున్నాయి. ఇంటర్నెట్ రేడియో కూడా అదే పద్ధతి, కాకపోతే ఆ పాట పెట్టేవాడు పారిస్ లోనో అమెరికాలోనో ఉంటాడు.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, నువ్వు చెయ్యకు. రేడియో గార్డెన్ అని ఒకటుంది, 2016 లో ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు పెట్టారు, ఫోన్లో భూగోళం తిరుగుతుంది, దాని మీద ఆకుపచ్చ చుక్కలు, ఏ చుక్క నొక్కితే ఆ ఊరి రేడియో. అబ్బ ఎంత ముచ్చటేసిందో! నెల రోజులు తిప్పుతూనే ఉన్నా, నలభై స్టేషన్లు ఫేవరెట్స్ లో పెట్టా, ఒక్కదాన్నీ పది నిమిషాలు విన్న పాపాన పోలేదు. చీరల కొట్లో అన్నీ విప్పించి ఒట్టి చేతుల్తో వచ్చినట్టు. ఆదివారం పిల్లలకి చూపించడానికి బావుంటుంది, జాగ్రఫీ కూడా వస్తుంది, నీలాంటి టైం లేనివాళ్లకి మాత్రం రోజూ పనికి రాదు.

నీకు కావాల్సింది ఒక్క స్టేషన్, ఒక్క పని. ఆ పని చేసేటప్పుడు ఆ స్టేషనే, కనీసం వారం మార్చకు. నాకైతే సాయంత్రం వంట, దానికి ఫిప్. ఫ్రాన్స్ వాళ్ల ప్రభుత్వ రేడియో, 1971 నుంచి ఉంది, మొదట్లో పారిస్ లో కార్లలో వెళ్లేవాళ్లకి పాటల మధ్య ట్రాఫిక్ సంగతులు చెప్పేవాళ్లట. ఇప్పుడు ఒక జాజ్ పాట, దాని వెనకాల ఆఫ్రికా పాట, తర్వాత ఏదో సినిమా మ్యూజిక్, మధ్యలో ఒకావిడ మెల్లగా నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్లిపోతుంది. భాష రాదే అంటావేమో, హిందీ ముక్క రాని రోజుల్లో మీ అమ్మా నేనూ వివిధభారతిలో హిందీ పాటలు వినలేదా, అర్థం అడిగామా ఎవర్నైనా?

ల్యాప్‌టాప్ పని చేసుకునేటప్పుడైతే సోమా ఎఫ్ఎం. శాన్‌ఫ్రాన్సిస్కోది, 2000 నుంచి నడుస్తోంది, యాడ్స్ ఉండవు, వినేవాళ్లు ఇచ్చే చందాలతోనే నడుపుతారు. అందులో గ్రూవ్ శాలడ్ అనే ఛానెల్ పెట్టుకో, పేరు చూసి నవ్వకు, మాటలు తక్కువ కాబట్టి పనికి అడ్డం రాదు. రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు అమెరికాలో సియాటిల్ ది కేఈఎక్స్‌పీ అనే స్టేషన్ బావుంటుంది, మనకి ఎనిమిదిన్నర అంటే వాళ్లకి ఎండాకాలంలో పొద్దున 8, చలికాలంలో 7, మనం ఆవలిస్తుంటే వాళ్లు అప్పుడే లేచిన హుషారులో ఉంటారు. పొద్దున్నే మనవే కావాలంటే ఆకాశవాణి యాప్ లో రాగం ఛానెల్ ఉంది, 2016 లో మొదలైంది, కర్ణాటకం, హిందుస్తానీ రెండూ వస్తాయి, మీ ఆయన కూడా ఏమీ అనడు.

నచ్చని పాట వచ్చిందనుకో, మార్చకు. మూడు పాటల దాకా ఓపిక పట్టు, అప్పటికీ తలనొప్పిగా ఉంటే కట్టెయ్. నా లెక్కలో పదింట్లో ఏడు ఇలా విని అలా వదిలేసేవే, దానికి బాధ పడక్కర్లేదు, మిగిలిన మూడింటి కోసమే ఈ తంటా. నచ్చినదాని పేరు స్క్రీన్ మీదే కనిపిస్తుంది, చెయ్యి పిండిలో ఉంటే స్క్రీన్ షాట్ అవీ కుదరవు కాబట్టి నేను చెయ్యి కడుక్కుని గోడ కేలండర్లో ఆ తారీఖు గడిలో పాల లెక్క పక్కన రాసేస్తా. రోజుకి ఒక్కటే, గడిలో అంతకన్నా పట్టదు. శనివారం కాఫీ తాగుతూ ఆ నాలుగైదూ వెతికి పూర్తిగా వింటా, సగం "ఇదా నేను రాసుకుంది" అనిపిస్తాయి, ఒక్కటి మాత్రం మళ్లీ పెట్టబుద్ధేస్తుంది, అప్పుడు ఆ పాడినావిడవి ఇంకో నాలుగు వింటా.

ఫోన్ సంగతి. నీ ఫోన్లో వద్దు, మధ్యలో ఆఫీసు కాల్ వచ్చి ఆగిపోతే మళ్లీ పెట్టుకోవు, నాకు తెలుసు నీ సంగతి. బీరువాలో పడున్న పాత ఫోన్ తీసి సిమ్ లేకుండా వైఫై పెట్టి ఫ్రిజ్ మీద ఛార్జింగ్ లో ఉంచు. పది నిమిషాలకోసారి ఆగిపోతోందంటే రేడియో తప్పు కాకపోవచ్చు, బ్యాటరీ సేవర్ ఆపేస్తుంది, ఆ యాప్ ఒక్కదానికి అది తీసెయ్, నేను ఇది తెలియక రెండు వారాలు వైఫై వాణ్ణి తిట్టా పాపం. బయట వినాలంటే డేటా పెద్దగా అవదు, పాట 128 కేబీపీఎస్ వేగంతో వస్తే గంటకి 58 ఎంబీ లోపే, రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నదానివి నీకెందుకు భయం. ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దే, కుక్కర్ విజిల్ వినపడక ఒకసారి పప్పు మాడ్చేశా.

ఇవాళ రాత్రి చపాతీలు చేసేటప్పుడు ఫిప్ పెట్టు. ఒక్క పాట పేరు రాసి ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్, నచ్చకపోయినా చెయ్. ఆవకాయ జాడీ శనివారం మీ బాబాయి వస్తూ తెస్తాడు, మూత గట్టిగా ఉంది, జాగ్రత్తగా తియ్యి.

మీ పెద్దమ్మ