కల్నల్ బోర్డుకు ఒక్క సీఆర్ అడ్డుపడితే ఏం చేయాలి?

లెఫ్టినెంట్ కల్నల్‌గా ఉన్న మీకు కల్నల్ పదోన్నతికి ఎంపిక చేసే నంబర్ 3 సెలక్షన్ బోర్డులో పేరు రాలేదనీ, ఒకే ఒక్క కాన్ఫిడెన్షియల్ రిపోర్టు (సీఆర్, పై అధికారులు మన పనితీరుకు మార్కులు వేసే నివేదిక) కొంప ముంచిందని అనుమానమనీ రాశారు. ఫిర్యాదు చేస్తే పైవాళ్లు పగబడతారేమోనని మీ టెన్షన్. చేయండి. అది ఆర్మీ చట్టం, 1950లోని 27వ సెక్షన్ మీకిచ్చిన హక్కు. జవాన్లకు, జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) ఇలాంటి హక్కే 26వ సెక్షన్‌లో ఉంది. నేనూ ఆ దారిన నడిచినవాణ్ణే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మన రిపోర్టు మనకు పూర్తిగా కనపడకపోవడమే అసలు చిక్కు. ఐఓ (రిపోర్టు మొదట రాసే అధికారి) రాసిన భాగం చూపించి సంతకం తీసుకుంటారు, ఆపైన దాన్ని సమీక్షించే పై అధికారులు ఆర్‌ఓ, ఎస్‌ఆర్‌ఓ వేసిన మార్కులు మనకు తెలియవు. రిపోర్టులోని ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ సైనిక అధికారులకు అది వర్తించదని అదే తీర్పులో ఉంది. దాన్ని నమ్ముకుని ఫిర్యాదు రాయకండి.

మీ చేతిలో ఉన్నదాన్నే పట్టుకోండి. నేను ఓ పెద్ద కాగితం మీద గళ్లు గీశాను. ఎడమ పక్కన గుణాలు, పైన సంవత్సరాలు. నాకు చూపించిన మార్కులు వరసగా నింపుకుంటూ పోతే, ఎనిమిదులు తొమ్మిదుల మధ్య ఒకే ఒక్క నిలువు వరసలో ఏడులు. ఆ ఏడాది పెన్ పిక్చర్‌లో (మన గురించి మాటల్లో రాసే భాగంలో) ‘ఒత్తిడిలోనూ నిబ్బరంగా పనిచేస్తాడు’ అనే అర్థం వచ్చేలా రాశారు, ఆ గుణానికే ఏడు వేశారు! ముందు రాసినవాళ్లూ తర్వాత రాసినవాళ్లూ ఎవరూ నన్ను అంత తక్కువ చేయలేదు. ఐఓ మీద కోపమంతా పక్కనపెట్టి, ఫిర్యాదులో ఆ పట్టికనే ముందు పెట్టాను. కక్ష కట్టాడని రాస్తే రుజువు చూపాల్సింది మనమే, పైగా అభిప్రాయం కోసం ఆ కాగితం వెళ్లేది ఆయన దగ్గరికే. మాటకూ మార్కుకూ పొంతన లేదంటే మాత్రం ఆ రిపోర్టే సాక్ష్యం.

తేదీలు కూడా చూడండి. సీఆర్ రాయాలంటే ఆ ఐఓ కింద మీరు కనీసం 90 రోజులు వాస్తవంగా పనిచేసి ఉండాలి. సెలవులు, కోర్సులు తీసేస్తే ఆ లెక్క నిలుస్తుందా?

జవాబు రావడానికి నెలలు పడుతుంది. మెస్‌లో బ్యాచ్‌మేట్ల ముందు కూర్చోవడం కష్టంగానే ఉంటుంది, ఇంట్లోవాళ్లకు విషయం ముందే చెప్పి ఉంచండి. ఫిర్యాదును తోసిపుచ్చితే, ఆ ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆరు నెలలు దాటినా జవాబే రాకపోయినా వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కిందకి వస్తాయి. ట్రిబ్యునల్ మీకు కొత్తగా మార్కులు వేయదు, పొంతన లేకపోవడం, పక్షపాతం, నిబంధనల ఉల్లంఘన ఉన్నాయేమో చూస్తుంది. 2021లో నితీశ కేసులో మహిళా అధికారుల సీఆర్‌లు ఎంత నిర్లక్ష్యంగా రాశారో సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. కాబట్టి రిపోర్టు రాశారు కదా, ఇక శిలాశాసనమే అనుకోకండి.

నా విషయంలో కొన్ని మార్కులు తొలగించారు, బోర్డు నా కేసు మళ్లీ చూసింది. మీరు ముందు చేయాల్సిన పని ఒకటుంది. పోస్టింగ్ వచ్చి యూనిట్ వదిలేలోపే ఆ 90 రోజుల లెక్కకు రుజువుగా మూవ్‌మెంట్ ఆర్డర్లు, సెలవులు రికార్డుకెక్కే పార్ట్-2 ఆర్డర్ల కాపీలు తీసుకోండి. తర్వాత వాటికోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.